తెలుగు క్రైస్తవుల చరమసంస్కార పరిభాష

మరణమునుగూర్చి మాటలాడునప్పుడు ఏ జాతియు నున్నమాట నున్నట్లు పలుకజాలదు. తెలుగున "చచ్చెను" అను క్రియ యున్నను ఆత్మీయుల విషయమున దానిని ప్రయోగించుటకు నోరాడక, కాలధర్మము నొందెను, దివంగతుడయ్యెను, శివైక్యము నొందెను, పరమపదించెను అని జనులు మాటలు కల్పించుకొనిరి. ఇవి కేవలము మృదూక్తులు కావు. ఒక్కొక్క మాట యొక్కొక్క సిద్ధాంతమునకు సంగ్రహము. శివైక్యమన్నవాడు శైవుడు, పరమపదమన్నవాడు వైష్ణవుడు. "కీర్తిశేషుడు" అను బహువ్రీహిలో ఏ మతమును లేదు. కీర్తియే శేషముగా గలవాడు, అనగా కీర్తి తప్ప మఱేమియు మిగులనివాడు అని దాని యర్థము. శోకగృహమున బలుకు మాట శోకించువాని కేమి మిగిలినదో చెప్పును. కావున మతమును దెలిసికొనగోరువారికి దాని చరమసంస్కార పరిభాషకంటె విశ్వసనీయమగు సాక్ష్యము తక్కువ.

తెలుగు క్రైస్తవుల పరిభాష యీ దృష్టితో బరిశీలింపదగినది. నిద్ర, సమాధి, భూస్థాపన, ఆదరణ, నిరీక్షణ, పునరుత్థానము అను నాఱు మాటలపై వారి చరమసంస్కారమంతయు నిలిచియున్నది. ఆఱును సంస్కృతశబ్దములే, ఒక్కటియు గ్రీకునుండి గాని యింగ్లీషునుండి గాని తెచ్చినది కాదు. ఐనను ఒక్కటియు దన ప్రాచీనార్థమున యథాతథముగ నిలువలేదు. ఈ మార్పు భాషకు భ్రంశమా, అభివృద్ధియా యనునది విచార్యము.

మొదట చరిత్ర. హాలే సంప్రదాయమునకు జెందిన బెంజమిన్ షుల్జ్ పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున మదరాసునందుండి బైబిలును దెనిగించెను. ఆ యనువాదము ముద్రణము నొందలేదు. ఐనను ఆయన తెలుగు గ్రంథములు కొన్ని జర్మనీలోని హాలే పట్టణమున 1746, 1747 ప్రాంతమున నచ్చుపడినవి. పిమ్మట 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజస్ అను లండను మిషను బోధకులు విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యముతో ననువాదమునకు బూనుకొనిరి. క్రాన్ 1809లోను, డిగ్రాంజస్ 1810లోను మరణించిరి. వారి సువార్తానువాదములు 1812లో శ్రీరామపురమున ముద్రితమైనవి; వానిని జూచుటకు వారిలో నొక్కరును లేరు. ఎడ్వర్డు ప్రిచ్చెట్టు క్రొత్త నిబంధన 1818లో మదరాసున వెలువడెను. మరణానంతరజీవనమును గూర్చిన తెలుగుమాటలను దీర్చిన యాదికాలపు టనువాదకులకు మరణము గ్రంథస్థవిషయము మాత్రమే కాలేదు.

అనువాదకులు మాటలనిచ్చిరి, వానికి నాదమునిచ్చినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణవంశమున జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన యీతడు నూటికి మించిన కీర్తనలు రచించెను. రాగతాళములతో గూడిన యా కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటము మూలమున నన్ని సంఘములకును వ్యాపించినవి. ప్రార్థనాపుస్తకమును జదువనేరని గ్రామీణుడు సైతము శవయాత్రలో బాడుచు నడచుటచేత నీ పరిభాష పుస్తకమునుండి నాలుకకు దిగివచ్చెను.

హైదరాబాదు మండలమున క్రైస్తవ సమాధుల చరిత్ర తెలుగు క్రైస్తవ్యము కంటె బురాతనము. గోలకొండ వర్తకమునకై వచ్చిన ఆర్మీనియనుల సమాధులు పదునేడవ శతాబ్దినుండి ఉప్పుగూడలో నున్నవి. వాని శాసనములు వారి స్వభాషలోనివి. నిజాము కొలువున సేనానియైన ఫ్రెంచివాడు రేమండు 1798 మార్చి 25న మరణించెను. మలకుపేట ప్రాంతమున నతని సమాధిపై నిలిపిన రాతిస్తంభమున నామాద్యక్షరములు మాత్రమే కలవు. మతవాక్యమేదియు లేని యా స్తంభమునొద్ద స్థానికులు వర్ధంతి దినమున ఉరుసు జరుపుచు వచ్చిరి. మాటలేనిచోట జనులు తమ మాటను దామే యుంచుదురనుటకిది నిదర్శనము. తెలుగు పలుకు క్రైస్తవసంఘము లీ మండలమున బందొమ్మిదవ శతాబ్ది చివర బలపడినవి. మెదకున ఛార్లెసు వాకర్ పాస్నెట్టు కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. అటుపిమ్మట ఊరూర సమాధులపై దెలుగు శాసనములు వ్యాపించినవి. ఆ శాసనములందు బ్రధానముగ గానవచ్చునవి పైనుదాహరించిన శబ్దములే.

నిద్ర:— "ప్రభువునందు నిద్రించెను" అని క్రైస్తవులు వ్రాయుదురు. దీర్ఘనిద్ర, మహానిద్ర యని సంస్కృతకవులును మరణమును వ్యవహరించిరి. ఐనను రెంటికిని భేదము కలదు. కవులు చేసినది సాదృశ్యమూలకమగు లక్షణ. కన్నులు మూతపడుట, కదలిక లేకుండుట మున్నగునవి సాధారణధర్మములు. మేలుకొనుట యను ధర్మ మచట వివక్షితము కాదు. దీర్ఘ, మహత్ అను విశేషణములు దానిని ద్రోసిపుచ్చుచున్నవి. క్రైస్తవ వ్యవహారమున విశేషణము లేదు, ఊరక నిద్ర. ఉదయమున మేలుకొనవలసిన నిద్రయే యచట వివక్షితము. గ్రీకుక్రైస్తవులు సమాధిస్థలమునకు "కొయిమెతేరియోన్", అనగా శయనస్థానమని పేరిడిరి. ఇంగ్లీషు "సెమెటరీ" దాని తద్భవమే. విశేషమేమనగా, యాస్కుడు నిరుక్తమున శ్మశానశబ్దమును శరీరము శయనించుచోటను నర్థమున వ్యుత్పాదించియున్నాడు. గ్రీకు నామమునకు సరియైన సంస్కృతనామము శ్మశానమే యగుచున్నది. కాని వ్యుత్పత్తి నెరిగినవారు కొందరు. శ్మశానమన్నంతనే చితియు భూతప్రేతములును దోచువారు పెక్కురు. రూఢి యోగమును జంపును గదా! కావున తెలుగు క్రైస్తవుడు దానిని విడిచి "సమాధుల తోట" అనెను. యోహాను సువార్తలో క్రీస్తుసమాధి తోటలోనిదే యగుటచే నీ సమాసము గ్రంథసమ్మతము కూడ.

సమాధి:— సమ్, ఆఙ్ అను నుపసర్గలతోగూడిన ధాధాతువుపై "కి" ప్రత్యయము (పాణిని 3.3.92) రాగా నిష్పన్నమైన యీ శబ్దమునకు లెస్సగ నుంచుట యని యవయవార్థము. యోగశాస్త్రమున జిత్తైకాగ్రత. సన్న్యాసులను దహింపక భూమిలో గూర్చుండబెట్టు నాచారముచేత వారి ఖననస్థలమునకు సమాధియను పేరు తెలుగున బరిచితము. క్రైస్తవుడీ మాటను గ్రహించుటలో నొక సామాజికార్థము గర్భితమైయున్నది. తెలుగునాట బెక్కు నిమ్నజాతులు పూర్వమునుండియు మృతులను బూడ్చువారే. దహనము వ్యయసాధ్యము, ఖననము దీనుల విధి. అట్టివాని గుంటకు బీఠాధిపతి ఖననస్థలమునకుండు పేరు వచ్చెను. గుఱ్ఱము జాషువ (1895–1971) శ్మశానవాటి పద్యములలో జాతిభేదములు నశించు నేలగ వర్ణించినదానిని భాష యీ యొక్క శబ్దముచే మున్నే సాధించెనని చెప్పవచ్చును. ఆచరణమున సాధ్యమయ్యెనా యన్నది వేఱు మాట. శబ్దము మాత్రము సాధించినది.

భూస్థాపన, పునరుత్థానము:— ఈ రెండింటిని గలిపి విచారింపవలెను. స్థాధాతువునకు బ్రేరణార్థమున "ణిచ్" వచ్చి, పుగాగమముతో (7.3.36) స్థాపి యగును. దానిపై యుచ్ ప్రత్యయము రాగా స్థాపన. లోకమున విగ్రహమును స్థాపింతురు, రాజ్యమును స్థాపింతురు, పాఠశాలను స్థాపింతురు. స్థాపించినది నిలుచునని కదా స్థాపనము. శవమును మంటిలో బెట్టుటకు స్థాపనమను మాట తగునా యని శంక పుట్టుట సహజము. సమాధానము రెండవ శబ్దమున నున్నది. ఉత్ అను నుపసర్గముతో నదే స్థాధాతువు చేరగా, స్థకారమునకు బూర్వసవర్ణము కలిగి (8.4.61) ఉత్థానమగును. స్థాపింపబడినదే ఉత్థానము నొందును, ధాతువొక్కటే. కొరింథీయుల మొదటి పత్రిక పదునైదవ యధ్యాయమున పౌలు శరీరమును విత్తనముతో బోల్చి చెప్పిన సిద్ధాంతమును దెలుగుభాష ధాతుసామ్యముచే బ్రకటించుచున్నది. ఈ యందము గ్రీకు మూలమునను నింగ్లీషునను నీ విధముగ గానరాదు.

ఉత్థానశబ్దము తెలుగు చెవికి గ్రొత్తయు గాదు. ఆషాఢమున శయనైకాదశి, కార్తికమున ఉత్థానైకాదశి యని పంచాంగము వినువా రందరును శయనమునకు బిమ్మట నుత్థానమును విన్నవారే. "పునః" అను నవ్యయము మాత్రము భ్రాంతికి దావీయగలదు. పునర్జన్మము తలపునకు వచ్చును. ఆ భ్రాంతిని ఉత్తరపదము వారించుచున్నది. జన్మించువాడు వేఱుదేహముతో వేఱుతల్లికి జన్మించును, పండుకొన్నవాడే లేచును. తల్లి పోగొట్టుకొన్న బిడ్డ యెక్కడనో యెవరికో బుట్టుననుట యొక సిద్ధాంతము. ఆ బిడ్డయే లేచుననుట వేఱొక సిద్ధాంతము. రెండును దుఃఖమునకు సమాధానము చెప్పగోరినవే. కాని శోకించు తల్లి కవి రెండును నొకటి కావు.

ఆదరణ:— ఆఙ్ పూర్వకమైన దృధాతువునకు సంస్కృతమున గౌరవించుట యర్థము. తెలుగున ఆదరించుట పోషించుట, చేరదీయుట. రాజులు కవుల నాదరించిరన్న నన్నవస్త్రములిచ్చి రక్షించిరని యర్థము. క్రైస్తవపరిభాషలో నిది శోకోపశమనమయ్యెను. పరిశుద్ధాత్మకు "ఆదరణకర్త" యని పేరు. సాంత్వనము, ఓదార్పు అను మాటలుండగా ఆదరణయే యేల గ్రహింపబడెను? సాంత్వనము ప్రధానముగ వాక్కుచే జరుగునది. రఘువంశము అష్టమసర్గమున నిందుమతి మరణింపగా వసిష్ఠుడు శిష్యునిచేత నజునకు దత్త్వోపదేశమును బంపెను. ఉపదేశము నిర్దుష్టము, కాని యజుని హృదయమున దానికి జోటు దొరకలేదు. కాళిదాసున కీ రహస్యము తెలియును. వాక్కు చొరని గుండెను జేయి చేరవలెను. ఆదరణ యనగా నట్టి చేరదీయుట. మృతుని యింట సంఘస్థులు కూడుట, వండుకొనలేనివారికి భోజనము తెచ్చుట, "ఆదరణ కూడిక" యను పేర బ్రార్థన జరుపుట మున్నగు నాచారములు శబ్దము యొక్క తెలుగర్థమునుండి పుట్టినవే.

నిరీక్షణ:— ఈ శబ్దమునెడ బండితులకు రెండాక్షేపణలు కలుగవచ్చును. మొదటిది రూపవిషయకము. ఈక్షధాతువు ణ్యంతము కాదు గనుక యుచ్ ప్రత్యయముచే స్త్రీలింగరూపము పొసగదు. ల్యుట్ వచ్చి నిరీక్షణమే కావలెను, లేదా పరీక్ష, ప్రతీక్షల వలె నిరీక్ష కావలెను. ఈ యాక్షేపణము బలవత్తరము కాదు. రక్షణము, ఆకర్షణము మున్నగు ల్యుడంతములు తెలుగున రక్షణ, ఆకర్షణ యని ముకారము వీడి యెల్లెడల జెల్లుచున్నవి, నిరీక్షణయు నట్లే. రెండవది యర్థవిషయకము. నిరీక్షణమనగా జూచుట, భావికాలమున గలుగు మేలును గోరుటకది వాచకమెట్లగును? ఉపసర్గలు ధాత్వర్థమును దూరముగ గొనిపోవుట యీక్షధాతువునందే స్పష్టము: అపేక్ష కోరుట, ఉపేక్ష విడుచుట, పరీక్ష శోధించుట, ప్రతీక్ష వేచియుండుట. కావున నిరీక్షణ తెలుగున నెదురుచూపగుట యసంభావ్యము కాదు. ఆశ యను మాట యుండగా దానినేల విడిచిరనిన, తెలుగున ఆశ లోభమునకు దగ్గఱి చుట్టము. ఆశపోతు, అత్యాశ, పేరాశ యను మాటలే సాక్ష్యము. ఆశకు విషయము వస్తువు. నిరీక్షణకు విషయము వచ్చువాడు.

ఇచట నొక వైచిత్రి గలదు. రోమీయుల పత్రిక యెనిమిదవ యధ్యాయమున గంటికి గనబడినదానికై వేచియుండ బనిలేదను భావము కలదు. అనగా నిరీక్షణకు విషయము కానరానిది; కాని ధాతువునకర్థము చూచుట. కానరానిదానిని జూచుట యెట్లు? వీథివాకిట నిలిచి యెవ్వరును లేని బాటను జూచుచున్న తల్లిని "ఏమి చూచుచున్నావమ్మా" యని యడిగిన "కొడుకుకై చూచుచున్నాను" అనును. ఆమె చూచునది బాట. చూపునకు బ్రయోజనము కొడుకు. నిరీక్షణ యట్టి చూపు.

ఇక నసలు వివాదమునకు రావలెను. థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగవ యధ్యాయమున, నిరీక్షణలేని యన్యులవలె దుఃఖింపరాదని పౌలు బోధించెను. సమాధియొద్ద దఱచుగ బఠింపబడు భాగమిది. దీనిని విని కొందఱు బోధకులు క్రైస్తవుడు మృతునికై యేడ్వరాదనియు, ఏడ్చుట విశ్వాసలోపమనియు నుపదేశింతురు. దిక్కుమాలిన భార్య కన్నీరు దుడుచుకొని సిగ్గుపడును. ఇది వ్యాఖ్యానదోషమని శాస్త్రము చెప్పగలదు. విశేషణముతో గూడిన విషయమున నిషేధము వచ్చినప్పుడు, విశేష్యమును నిషేధించుటకు బాధకముండెనేని, ఆ నిషేధము విశేషణమునే చేరునని పండితులెరిగిన న్యాయము. ఇచట విశేష్యము దుఃఖించుట. "నిరీక్షణలేని యన్యులవలె" అనునది విశేషణము. దుఃఖమునే నిషేధించుటకు బాధకము కలదా? కలదు. లాజరు సమాధికడ క్రీస్తే కన్నీరు గార్చినట్లు యోహాను సువార్త పదునొకండవ యధ్యాయము చెప్పుచున్నది. అదియు గొంతసేపటిలో నాతనిని లేపబోవుచు. గురువు చేసినది శిష్యునకు నిషిద్ధము కానేరదు. కావున నిషేధము దుఃఖమునకు గాక నిరీక్షారాహిత్యమునకే చెందును. ఏడ్వవచ్చును, ఏడ్చుచు వాకిటివంక జూడవలెను.

భగవద్గీత ద్వితీయాధ్యాయమున శోకనిషేధము దీనికి భిన్నము. ఆత్మ పుట్టదు, చావదు గావున శోకమునకు విషయమే లేదని యచట హేతువు; హేతువు నిర్విశేషమగుటచే నిషేధమును నిర్విశేషమే. పౌలు హేతువు మరణము లేదనుట కాదు. మరణము కలదు, దానికి బిమ్మట లేపువాడు కలడనుట. అందుచేత నచట శోకమునకు జోటు మిగిలినది. రెండు సిద్ధాంతములకును దమ తమ హేతువు లున్నవి. ఒకదాని నిషేధమును రెండవదానిపై నారోపించుట మాత్రము రెంటికిని జేయు నన్యాయము.

పాశ్చాత్యసంఘములందును నీ సమతూకమునకై యత్నములు జరిగినవి. రోమను కథోలిక సంఘమున 1963 డిసెంబరు 4న ప్రకటితమైన ఆరాధనాశాసనము, మృతసంస్కారము క్రీస్తు మరణోత్థానముల రహస్యమును స్పష్టముగ బ్రకటింపవలెనని విధించెను. 1969లో నూతనవిధి వెలువడెను. తీర్పుదినపు భయమును వర్ణించు పాత లాటిను గీతము మృతపూజనుండి తొలగినది; నల్లనివస్త్రములతో బాటు ఊదా, తెలుపు వస్త్రములకును జోటు కలిగెను. 1947 సెప్టెంబరు 27న నేర్పడిన దక్షిణ ఇండియా సంఘము 1963లో దన యారాధనగ్రంథమును బ్రకటించెను. తెలుగునాట నవంబరు 2వ తేదిని "సమాధుల పండుగ" యందురు. ఆ దినమున సమాధులను గడిగి, సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. పండుగ యనుమాట సమాధితో సమసించుటయే యా పరిభాషకు బరిపాకము.

ఇటీవలి కాలమున నీ శబ్దములకు గ్రొత్త పరీక్ష కలిగినది హైదరాబాదు పడమటి దిక్కున. మాదాపురమున సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరు 22న ప్రారంభింపబడెను. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు వేఱుగ నేర్పడెను. కొండాపురము, గచ్చిబౌలి మున్నగు గ్రామములు మహానగరమున గలిసి హైటెక్ సిటీ ప్రాంతమయ్యెను. గోదావరి, కృష్ణా, గుంటూరు, మెదకు సీమలనుండి వచ్చిన క్రైస్తవకుటుంబములచట స్థిరపడినవి. వారికి సంఘములు దొరకినవి. సమాధుల తోట దొరకుట కష్టము. నారాయణగూడ మున్నగు పాత సమాధిస్థలములు నగరపు నడుమనున్నవి. అందుచేత బెక్కుమంది మృతులను అంబులెన్సులో స్వగ్రామమునకు గొనిపోయి తాతముత్తాతల చెంత స్థాపింతురు. భూస్థాపన యన్నప్పుడు "భూ" శబ్దమునకు సొంతయూరి నేల యను నర్థమీ ప్రాంతమున మరల బలపడుచున్నది.

బిడ్డలు విదేశముననున్న యింట ఫ్రీజరు బాక్సులో దేహమునుంచి విమానమునకై వేచియుందురు. రాలేనివారు ఫోనులో సంస్కారమును జూతురు. 2020లో మహమ్మారి విజృంభించినప్పుడు ఇరువదిమందికి మించి శవసంస్కారమునకు గూడరాదని ప్రభుత్వము నిర్బంధించెను. చూచుటకు బట్టిన దృశ్యము మిగిలెను. చేరదీయుటకు జేతులు లేకపోయెను. నిరీక్షణకు భంగము రాలేదు గాని యాదరణకు వచ్చెను. రెండు శబ్దములును వేఱువేఱని, ఒకటి రెండవదానికి బ్రత్యామ్నాయము కాదని, ఆ యేటి యనుభవము నిరూపించెను. కూడిక నిషిద్ధమైనను గడపకడ భోజనముంచి తొలగిపోయిన పొరుగువారు ఆదరణశబ్దము యొక్క తెలుగర్థమును గాపాడిరి.

పరిభాష నిలుచుట నిఘంటువుచేత గాదు, వ్యవహారముచేత. ఇటీవల ప్రకటనపత్రములందును ఫ్లెక్సీలందును "మహిమప్రవేశము" వంటి గంభీరసమాసములు వ్యాపించుచున్నవి. అవి దోషములు కావు. కాని వానియందు విజయము మాత్రమే వినవచ్చును, వేదన వినరాదు. పూర్వులు కూర్చిన యాఱు మాటలలో రెండును గలవు. నిద్రయన్నప్పుడు పిలిచినను బలుకని మౌనము, మేలుకొందురను నమ్మకము. నిరీక్షణ యన్నప్పుడు శూన్యమైన బాట, దానిపై నిలిచిన చూపు. శోకమును దాచక, శోకమే తుదిమాట కానీయక నిలుచు నీ శబ్దములను బాలుర కర్థముతో జెప్పుట పాఠశాలల పనియు, వానిని నిఘంటువులలో బ్రత్యేకార్థములతో జేర్చుట పండితుల పనియు నైయున్నవి.